కాన్రాడ్ నవల, అచేబే అభ్యంతరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు డిగ్రీలో, ఆ తర్వాత పీజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్తూ చాలా ఏళ్లు గడిపాను. జోసెఫ్ కాన్రాడ్ రాసిన 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ అవే ప్రశ్నలు. కొన్ని బెంచీల మీంచి వచ్చేవి, కొన్ని కారిడార్‌లో, చాలామటుకు పరీక్షకి ముందు రోజు రాత్రి ఫోన్లో. అప్పుడు చెప్పిన జవాబుల్నే ఇక్కడ కాస్త సాపు చేసి పెట్టాను. నాకు తోచిన అభిప్రాయాలు అక్కడక్కడా దొర్లాయి, వాటిని దాచలేదు.

అసలు గొడవేంటి? రెండు ముక్కల్లో చెప్పండి.

1899లో వచ్చిన ఒక చిన్న నవలని ఇంగ్లీషు డిపార్టుమెంట్లు నెత్తిన పెట్టుకున్నాయి. 1975లో నైజీరియా రచయిత చినువా అచేబే లేచి, ఈ పుస్తకం ఆఫ్రికావాళ్లని మనుషుల్లో జమ కట్టలేదు, రాసినవాడు రేసిస్టు, దీన్ని గొప్ప కళ అనడానికి వీల్లేదు అన్నాడు. ఆ తర్వాత అచేబే ఊసెత్తకుండా ఆ నవలని పాఠం చెప్పడం ఎవరికీ కుదరడం లేదు.

నవల చదవలేదు. కథ చెప్తారా?

చెప్తాను గానీ వంద పేజీలే, చదివేయండి.

లండన్ దగ్గర థేమ్స్ నది మీద ఒక పడవలో నలుగురైదుగురు సాయంత్రం పూట కూచుని ఉంటారు. వాళ్లలో మార్లో అనే నావికుడు తన పాత అనుభవం చెప్పడం మొదలుపెడతాడు. ఒక యూరప్ కంపెనీ తరఫున స్టీమరు నడపడానికి ఆఫ్రికా వెళ్లాడు. పెద్ద నది. నది పొడుగునా ఏనుగు దంతాల వ్యాపారం. పైన ఎక్కడో అడవిలో కుర్ట్జ్ అనే ఏజెంటు ఉన్నాడు. మిగతా ఏజెంట్లంతా కలిసి పంపేంత దంతం అతనొక్కడే పంపిస్తాడు, మహా మేధావి అని పేరు. తీరా వెళ్లి చూస్తే అతని ఇంటి ముందు గుంజల మీద మనుషుల తలకాయలు. రోగంతో ఉన్న కుర్ట్జ్‌ని స్టీమరు ఎక్కించుకుని వస్తుంటే దారిలో ప్రాణం పోతుంది. మార్లో తిరిగొచ్చి, కుర్ట్జ్ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయికి ఒక అబద్ధం చెప్తాడు.

ఆ నది కాంగో. కానీ పుస్తకంలో ఆ పేరు ఎక్కడా కనిపించదు. బెల్జియం పేరూ కనిపించదు.

కాన్రాడ్ అక్కడికి నిజంగా వెళ్లాడా?

వెళ్లాడు. కాన్రాడ్ పుట్టుకతో పోలిష్, అసలు పేరు చివర కొర్జెనియోవ్‌స్కీ అని ఉంటుంది. 1857లో ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న బెర్దిచివ్‌లో పుట్టాడు. అప్పట్లో అది రష్యా జార్ చక్రవర్తుల కింద ఉండేది. పరాయి ఏలుబడి అంటే ఏమిటో ఇంట్లోనే చూసినవాడు. ఓడల్లో పనిచేస్తూ 1890లో కాంగో చేరాడు. మటాడి నుంచి కిన్షాసా దాకా 370 కిలోమీటర్లకు పైగా నడిచాడు. ఆ నడకలో రాసుకున్న డైరీ దొరికింది. దారి పక్కన పడి ఉన్న శవాలు, గుంజకి కట్టేసిన ఒక అస్థిపంజరం గురించి ఏ వ్యాఖ్యా లేకుండా ఒక్కో వాక్యంలో రాసిపెట్టాడు. ఆ తర్వాత 'రువా దె బెల్జ్' అనే స్టీమరు మీద, నది పైభాగంలో ఉన్న స్టాన్లీ ఫాల్స్ దాకా వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో క్లైన్ అనే ఏజెంటు ఆ స్టీమరు మీదే చనిపోయాడు. కుర్ట్జ్ పాత్రకి అక్కడే బీజం పడిందని అంటారు.

అప్పుడు కాంగోలో ఏం జరుగుతోంది?

ఈ జవాబు కొంచెం పొడుగు. ఇది తెలియకపోతే మిగతాదంతా గాలిలో వాదన.

1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా యూరప్ దేశాలు బెర్లిన్‌లో కూచుని ఆఫ్రికా వ్యవహారాలు మాట్లాడుకున్నాయి. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికా మనిషి కూడా లేడు. ఆ బేరసారాల మధ్యే బెల్జియం రాజు లియోపోల్డ్ 2 కాంగో మీద తన హక్కుని ఒప్పించుకున్నాడు. వింత ఏమిటంటే అది బెల్జియం వలస కాదు, రాజుగారి సొంత ఆస్తి. మన జమీందారు పొలం రాయించుకున్నట్టు, బెల్జియం కన్నా డెబ్భై రెట్లకు పైగా పెద్ద దేశాన్ని ఒక్క మనిషి పేరున రాయించుకున్నాడు. ఆ మనిషి బతికినన్నాళ్లూ అక్కడ కాలు కూడా పెట్టలేదు. ఆ ఆస్తికి 'కాంగో ఫ్రీ స్టేట్' అని పేరు. ఫ్రీ ఎవరికో మరి.

ముందు ఏనుగు దంతాలు. 1890ల్లో టైర్ల కోసం రబ్బరుకి గిరాకీ పెరిగాక అసలు నరకం మొదలైంది. ఊరికింత రబ్బరు అని కోటా కట్టారు. తేకపోతే ఆడవాళ్లని తాకట్టుగా పట్టుకుపోయేవారు. తుపాకీ తూటా వృథా చేయలేదని రుజువు చూపించడానికి సైనికులు చంపినవాడి కుడిచెయ్యి కోసి తేవాలి. వేటకి తూటా వాడుకున్నవాడు లెక్క సరిచేయడానికి బతికున్నవాళ్ల చేతులు కోసుకొచ్చిన సంగతులూ ఉన్నాయి.

1904లో ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ తీసిన ఒక ఫొటో ఉంది. న్సాలా అనే తండ్రి అరుగు లాంటి చోట కూచుని ఎదురుగా ఉన్న రెండు చిన్న వస్తువుల్ని చూస్తుంటాడు. మొదటిసారి చూసినవాళ్లకి అవేమిటో అర్థం కాదు. అవి అయిదేళ్ల కూతురి చెయ్యి, పాదం. క్లాసులో ఆ ఫొటో చూపించాలా వద్దా అని ప్రతి ఏడూ తటపటాయించాను. కొన్నేళ్లు చూపించాను, కొన్నేళ్లు లేదు.

బ్రిటిష్ కాన్సల్ రోజర్ కేస్‌మెంట్ రాసిన నివేదిక 1904లో వెలువడింది. అదే ఏడాది ఎడ్మండ్ మొరెల్ అనే పాత్రికేయుడు, మరికొందరు కలిసి కాంగో సంస్కరణ సంఘం పెట్టారు. 1908లో లియోపోల్డ్ తన ఆస్తిని బెల్జియం ప్రభుత్వానికి అప్పజెప్పక తప్పలేదు. కాన్రాడ్ అక్కడున్నది దంతాల రోజుల్లో. రబ్బరు ఘోరాలు ఎక్కువగా ఆ తర్వాతివి. ఈ తేడాని గైడ్లు కలిపేస్తుంటాయి, మీరు కలపకండి.

మరి కాన్రాడ్ ఈ దోపిడీని తిట్టాడు కదా? రేసిస్టు ఎలా అవుతాడు?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నిజమే, తిట్టాడు. మెడలకి గొలుసులు వేసి నడిపిస్తున్న మనుషులు, చెట్టు కింద చావడానికి పాకి వచ్చినవాళ్లు, లెక్కల పుస్తకం పక్కన ఇస్త్రీ కాలరుతో తెల్ల గుమాస్తా: ఈ దృశ్యాలు చదివినవాడు మరిచిపోడు. దేశాల్ని గెలవడమంటే మనకన్నా వేరే రంగు ఉన్నవాడి దగ్గర్నుంచి లాక్కోవడమేనని మార్లో నోటే అనిపించాడు. కేస్‌మెంట్ ఉద్యమానికి మద్దతుగా ఉత్తరం కూడా రాశాడు.

అచేబే వాటిని కాదనలేదు. ఆయన ప్రశ్న వేరు. గుర్రాన్ని కొట్టకూడదు అన్నవాడు గుర్రాన్ని మనిషి అన్నట్టు కాదు గదా. దోపిడీ తప్పు అనుకోవడం ఒకటి, దోపిడీకి గురైనవాడికి నాలాగే ఇల్లూ వాకిలీ, భాషా, పరిహాసం, అప్పులూ, అత్తగారూ ఉంటాయని అనుకోవడం ఇంకొకటి. కాన్రాడ్ మొదటిదాని దగ్గర ఆగిపోయాడు అన్నది అభియోగం. పుస్తకం పొడుగునా ఆఫ్రికా ఒక తెర, ఒక సెట్టింగు. దాని ముందు ఒక యూరప్ మనిషి మనసు చెడిపోతుంది, అదే కథ. ఒక తెల్లవాడి బుద్ధి వికలం కావడం చూపించడానికి ఒక ఖండాన్ని ఖండంగా రంగస్థలం సామాను చేస్తారా అని అచేబే కోపం.

ఆ నవలలో ఆఫ్రికావాళ్లు ఎన్నిసార్లు మాట్లాడతారు?

రెండు సందర్భాల్లో. వంద పేజీల్లో అంతే. మిగతా అంతటా అరుపులు, కేకలు, డప్పులు, గొణుగుళ్లు.

మొదటి సందర్భంలో స్టీమరు మీద పనిచేసే ఒక నల్ల మనిషి, ఒడ్డున దాక్కున్నవాళ్లని చూపించి పట్టుకుని మాకివ్వండి అంటాడు. ఇస్తే ఏం చేస్తారని అడిగితే తింటాం అంటాడు. రెండోసారి, కుర్ట్జ్ చనిపోయాడని ఒక కుర్రాడు తలుపులోంచి తల పెట్టి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్తాడు. ఆ చివరి మాటని టి.ఎస్. ఎలియట్ 1925లో తన కవితకి ముఖవాక్యంగా పెట్టుకున్నాడు, కాబట్టి కవిత్వం చదివేవాళ్లకి నవల చదవకపోయినా అది తెలుసు.

అచేబే చురక ఇక్కడ బాగా పట్టుకుంటుంది. ఆఫ్రికావాళ్లకి మాట్లాడే అవకాశం ఇవ్వకపోవడం కాన్రాడ్‌కి అలవాటు. ఇచ్చిన రెండుసార్లూ ఉదారత కొద్దీ ఇవ్వలేదు. ఒకసారి మేం మనుషుల్ని తినేవాళ్లమని వాళ్ల నోటితోనే ఒప్పించడానికి, ఇంకోసారి కుర్ట్జ్ చావుని వాళ్ల నోటితో ప్రకటింపజేయడానికి.

పేర్ల సంగతీ చూడండి. ఒక్క ఆఫ్రికా మనిషికీ పేరు లేదు. ఇక్కడ తెలివైన విద్యార్థి ఒకడు లేచి, "సార్, తెల్లవాళ్లకి మాత్రం ఎక్కడున్నాయి? మేనేజరు, అకౌంటెంటు, ఇటుకలవాడు అంతేగా" అంటాడు. సరైన పాయింటే. కానీ చూడు నాయనా, మేనేజరు అన్నా అకౌంటెంటు అన్నా అది ఉద్యోగం, ఒక మనిషి చేసే పని. అడవిలోంచి కనిపించేవాళ్లకి అదీ లేదు. వాళ్లు చేతులు, కాళ్లు, తెల్లగా మెరిసే కళ్లు, అంతే. మనిషి మొత్తంగా ఎక్కడా తేలడు.

ఒక్క పేరా చూపించి చెప్పండి.

బాయిలర్ పేరా. స్టీమరులో కొలిమి చూసుకునే నల్ల మనిషి ఉంటాడు. మార్లో అతన్ని 'మెరుగుపరిచిన నమూనా' అంటాడు, ఏదో విత్తనాల కంపెనీ మాటలాగా. కొన్ని నెలల తర్ఫీదుతో పని నేర్చాడు. అతన్ని చూస్తుంటే లాగూ వేసుకుని ఈకల టోపీ పెట్టుకున్న కుక్క వెనక కాళ్ల మీద నడుస్తున్నట్టు ఉందంటాడు. గాజుగొట్టంలో నీళ్లు అయిపోతే లోపలున్న దయ్యానికి దాహమేసి పగబడుతుందని ఆ మనిషి నమ్మకమని చెప్తాడు. అసలైతే ఒడ్డున చప్పట్లు కొడుతూ చిందులేయాల్సినవాడట.

ఆ పేరా ఒక ఏడాది క్లాసులో గట్టిగా చదివించాను. వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి, నిజానికి వాక్యం నవ్వు పుట్టించేలాగే రాశాడు కాన్రాడ్. ముందు వరసలో ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. క్లాసయ్యాక వచ్చి అంది: "మా తాత రైసుమిల్లుల బాయిలర్ కాడ పన్జేసేటోడు సార్. మా ఊర్ల పెద్దోళ్లు గిట్లనే అనేటోళ్లంట, వీనికి గూడ మీటరు జూసుడొస్తదా అని." నేను తయారుచేసుకున్న నోట్సులో అంతకన్నా మంచి వ్యాఖ్య లేదు.

అచేబే ఈ పేరాలో పట్టుకున్నదీ ఇంచుమించు ఇదే. ఎవడి చోట వాడుంటే కాన్రాడ్‌కి ముద్దు. ఒడ్డున తెడ్డు వేసేవాడు అందంగా కనిపిస్తాడు. అదే మనిషి మీటరు చూడ్డం నేర్చుకుంటే కుక్క లాగూ వేసుకున్నట్టుంటుంది.

'చెప్పనలవి కాని', 'అంతుచిక్కని' అనే మాటలు అన్నిసార్లు ఎందుకొస్తాయి?

ఈ విసుగు అచేబేతో మొదలు కాలేదు. 1948లోనే ఎఫ్.ఆర్. లీవిస్ అనే ఇంగ్లీషు విమర్శకుడు ఈ విశేషణాల మోత మీద విసుక్కున్నాడు. లీవిస్‌కి అది శైలి దోషం. అచేబేకి అది కనికట్టు. వర్ణించాల్సిన చోట వర్ణించకుండా 'వర్ణనాతీతం' అని పెడితే పాఠకుడు తన భయాలన్నీ అందులో పోసుకుంటాడు. మన జానపద సినిమాల్లో పొగ, ఈలగాలి వేసినట్టే, అక్కడ దయ్యమేమీ లేకపోయినా మనకి ఒళ్లు జలదరిస్తుంది.

మార్లో వేరు, కాన్రాడ్ వేరు. పాత్ర అన్న మాటల్ని రచయితకి అంటగట్టడం తప్పు కాదా?

అచేబే వాదనకి గట్టి ఎదురుదెబ్బ ఇదే. 1983లో సెడ్రిక్ వాట్స్ అనే విమర్శకుడు ఒక వ్యాసమంతా దీని మీదే రాశాడు. మార్లో కథ చెప్తున్నాడు, మార్లో కథని ఇంకో అనామకుడు మనకి చెప్తున్నాడు, కాన్రాడ్ వాళ్లిద్దరి వెనక ఎక్కడో నించుని నవ్వుకుంటున్నాడు అంటారు వీళ్లు.

అచేబే ఇది ముందే ఊహించాడు. దూరం ఉందనుకుందాం. అయితే మార్లో చూపు తప్పని చెప్పే ఇంకో చూపు పుస్తకంలో ఎక్కడైనా, ఒక్క వాక్యంలోనైనా ఉందా? ఉంచాలనుకుంటే కాన్రాడ్‌కి చేతకాక కాదు. పైగా కాన్రాడ్ సొంత గొంతుతో రాసిన మాటలు కూడా అచేబే తెచ్చాడు. హైతీలో తొలిసారి ఎదురైన ఒక నల్ల మనిషి గురించి, మనిషి రూపంలోని మృగానికుండే గుడ్డి కోపం ఎలా ఉంటుందో జీవితాంతం గుర్తుండిపోయిందని రాశాడు కాన్రాడ్, నల్లవాళ్లని తిట్టే మాటే వాడి. పదహారో ఏట చూసిన మొదటి ఇంగ్లీషువాడి గురించి రాసేటప్పుడు ఆ పిక్కలు పాలరాతిలా మెరిసిపోతాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మార్లో ముసుగు అక్కర్లేదు.

నా మటుకు నాకు ఇందులో అచేబే తొందరపడిన చోటు ఒకటుంది. ఆకలితో మాడుతున్న నరభక్షకులు స్టీమరు మీద తమకన్నా తక్కువమంది ఉన్న తెల్లవాళ్లని ఎందుకు తినేయలేదని మార్లో ఆశ్చర్యపోయి, వాళ్ల నిగ్రహానికి దణ్ణం పెట్టినంత పని చేస్తాడు. తెల్లవాళ్లకి లేనిది అదే. ఆ పేజీని అచేబే సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. అయితే అక్కడ కూడా వాళ్లు ఏమనుకుంటున్నారో మనకి తెలియదు. మెచ్చుకునేదీ మార్లోనే, మాట్లాడేదీ మార్లోనే.

ఆ కాలమే అలాంటిది కదా? 1890లో అందరూ అలాగే అనుకునేవారు.

అందరూ అనుకోలేదు. ఈ వాదన వచ్చినప్పుడల్లా నేను చెప్పే పేరు జార్జ్ వాషింగ్టన్ విలియమ్స్. అమెరికాలో నల్లజాతి మనిషి, అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుడు, పాస్టరు, చరిత్రకారుడు. కాన్రాడ్ వెళ్లిన 1890లోనే, అదే కాంగో నది మీద, అదే స్టాన్లీ ఫాల్స్‌కి వెళ్లాడు. జులైలో అక్కణ్నుంచే లియోపోల్డ్ రాజుకి బహిరంగ లేఖ రాశాడు. మోసపు ఒప్పందాలు, బానిసల వ్యాపారం, ఊళ్లు తగలబెట్టడం, ఆడవాళ్లని ఎత్తుకుపోవడం, ఒక్కొక్కటీ నంబర్లు వేసి రాశాడు. స్థానికులు చెప్పింది విని రాశాడు. కాన్రాడ్ అదే చోటికి సెప్టెంబరులో చేరాడు.

రెండు నెలలు కూడా తేడా లేదు. ఒకే రేవు, ఒకే బురద. ఒకాయనకి వాళ్లు సాక్షులు, ఇంకొకాయనకి తుప్పల్లో కదిలే కళ్లు. విలియమ్స్ మరుసటేడే చనిపోయాడు, ఆయన లేఖ మూలన పడింది. కాన్రాడ్ పుస్తకం సిలబస్ అయింది.

అచేబే ఇదంతా ఎక్కడ, ఎప్పుడు మాట్లాడాడు?

1975 ఫిబ్రవరి 18న, అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ క్యాంపస్‌లో. అప్పుడాయన అక్కడ విజిటింగ్ ప్రొఫెసరు. ప్రసంగం చిన్న ముచ్చటతో మొదలవుతుంది. ఇంగ్లీషు డిపార్టుమెంటు నుంచి పార్కింగ్ వైపు నడుస్తుంటే ఒక పెద్దాయన మాట కలిపాడు. నువ్వు విద్యార్థివా? కాదు, పాఠం చెప్తాను. ఏం చెప్తావు? ఆఫ్రికా సాహిత్యం. ఆఫ్రికాకి అలాంటివి ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదే అన్నాడట పెద్దాయన. అందులో ద్వేషమేమీ లేదు. అచేబే ఎత్తుగడ అదే: ద్వేషం లేకుండానే ఇది ఎలా సాధ్యమైంది?

ఆ వ్యాసం 1977లో అచ్చయింది. అప్పుడు కాన్రాడ్‌ని 'బ్లడీ రేసిస్టు' అన్నాడు. 1988లో పుస్తకంగా వచ్చేసరికి 'బ్లడీ' తీసేసి 'నిఖార్సయిన' అనే అర్థమొచ్చే మాట పెట్టాడు. తగ్గాడని కొందరన్నారు. నాకైతే తిట్టు పోయి తీర్పు మిగిలినట్టు అనిపిస్తుంది.

ఆఫ్రికాలో అప్పటికి చెప్పుకోదగ్గ సంస్కృతి ఏముందని?

ఇది అడిగినవాడి మీద కోప్పడకుండా ఉండటం నేర్చుకున్నాను. అచేబే ఇచ్చిన ఉదాహరణే ఇస్తాను. కాంగో నదికి ఉత్తరాన ఫాంగ్ జాతివాళ్లు ఉంటారు. 1905 ప్రాంతంలో వాళ్లు చెక్కిన ఒక మాస్క్ పారిస్ చేరింది. వ్లామింక్ అనే చిత్రకారుడి దగ్గర అది చూసి తోటి చిత్రకారుడు డెరేన్‌కి నోట మాట రాలేదు. పికాసో, మతిస్‌లు కూడా చూసి కదిలిపోయారు. ఇరవయ్యో శతాబ్దపు చిత్రకళ మలుపు తిరగడంలో దానికి వాటా ఉంది. కాన్రాడ్ నవల అచ్చయిన కొద్ది ఏళ్లకే ఇది. ఆయన స్టీమరు వెళ్లిన దారికి పెద్ద దూరం కూడా కాదు.

అచేబే నవలలు దీనికి జవాబుగానే రాశాడా?

కొంతవరకు. కానీ కోపం తెప్పించిన పుస్తకం ముందు వేరేది. ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో చదువుతున్నప్పుడు జాయిస్ కేరీ అనే ఐరిష్ రచయిత 1939లో రాసిన 'మిస్టర్ జాన్సన్' పాఠంగా ఉండేది. నైజీరియా గుమాస్తా హీరో, చివర్లో తెల్ల దొర చేతిలో తుపాకీ దెబ్బకి చస్తాడు. ఆ పుస్తకం మొత్తంలో నాకు నచ్చింది జాన్సన్ చచ్చిన ఘట్టమొక్కటే అని ఒక విద్యార్థి టీచరు మొహం మీదే అనేశాడని అచేబే చెప్పుకున్నాడు. మా కథ మేమే చెప్పుకోవాలని అక్కడ అనిపించిందట.

1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్' వచ్చింది. నైజీరియాలో ఇగ్బో జాతివాళ్ల ఊరు ఉమోఫియా, ఒకొంక్వో అనే మొండి మనిషి. ఆఖరి పేరా కోసమైనా చదవాలి. ఒకొంక్వో ఉరి వేసుకున్నాడు. జిల్లా కమిషనరు నడుచుకుంటూ వెళ్తూ తాను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి గురించి ఒక అధ్యాయం రాయొచ్చు, లేదా అధ్యాయం ఎందుకులే, ఒక మోస్తరు పేరా చాలు అనుకుంటాడు. రెండొందల పేజీల మనిషి ఒక పేరాకి కుదించుకుపోవడం మన కళ్ల ముందే జరుగుతుంది. కాన్రాడ్ మీద ప్రసంగం ఇవ్వడానికి పదిహేడేళ్ల ముందే ఆ పేరాలో ఇచ్చేశాడనుకుంటాను.

అందరూ అచేబేతో ఒప్పుకున్నారా?

లేదు. గయానా రచయిత విల్సన్ హారిస్ 1981లో విభేదించాడు. ఆ నవల ఒక సరిహద్దు దాకా వచ్చి ఆగిన ప్రయత్నమని, దాని విలువ దానికుందని అన్నాడు. కెన్యా రచయిత గూగీ వా థియాంగో కాన్రాడ్‌ని శ్రద్ధగా చదివి, కథ చెప్పే పద్ధతులు నేర్చుకున్నవాడు. కరీబియన్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన కారిల్ ఫిలిప్స్, కాన్రాడ్ తరఫున వాదిద్దామని 2003లో అచేబే ఇంటికే వెళ్లాడు. నేనే ఆఫ్రికా మనిషినైతే ఈయనలాగే అనుకునేవాణ్నేమో అని ఒప్పుకుని తిరిగొచ్చాడు. ఆ సంభాషణ దొరికితే వదలకండి.

పాలస్తీనా మూలాలున్న విమర్శకుడు ఎడ్వర్డ్ సైద్ మాట 1993లో వచ్చింది, నాకు అందరికన్నా సూటిగా అనిపించేది అదే. సామ్రాజ్యం దోపిడీ అని కాన్రాడ్‌కి కనిపించింది, కానీ ఆ సామ్రాజ్యం పోతే అక్కడివాళ్లు తమ బతుకు తాము బతకగలరన్నది ఊహకి కూడా అందలేదు. అక్కడ కనిపించిన 'చీకటి'కి ఎదురు తిరగడం తెలుసని, అది ఒకనాటికి తన నేలని వెనక్కి తీసుకుంటుందని కాన్రాడ్ గుర్తించలేకపోయాడని సైద్ అంటాడు.

అయితే ఈ పుస్తకాన్ని సిలబస్ నుంచి తీసేయాలా?

అచేబే అలా అనలేదు. పుస్తకాలు నిషేధించే మనిషిని కానని తర్వాత ఇంటర్వ్యూల్లోనూ చెప్పాడు. గొప్ప కళ అని ముద్ర వేసి, రేసిజం మాటెత్తకుండా పిల్లలకి చెప్పడం మీదే ఆయన అభ్యంతరం. నైరోబీలో 1968లో గూగీ, మరో ఇద్దరు సహోద్యోగులు కలిసి ఇంగ్లీషు డిపార్టుమెంటునే ఎత్తేసి ఆఫ్రికా సాహిత్యాన్ని మధ్యలో పెడదామన్నారు. మన డిపార్టుమెంట్లలో అంత మాట అనాలంటే ముందు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో టీ అయినా ఇవ్వరు.

ఇలాంటి పుస్తకాలు ఇంకేమున్నాయి?

చాలా. పిల్లల బొమ్మల కథల్లో 'టిన్‌టిన్ కాంగోలో' చూడండి. 1930లో మొదలైన పాత రూపంలో, టిన్‌టిన్ అనే బెల్జియం కుర్ర విలేకరి కాంగో పిల్లలకి మీ దేశమైన బెల్జియం గురించి చెప్తానంటూ పాఠం మొదలుపెడతాడు. 1946లో రంగుల్లో మళ్లీ వేసినప్పుడు ఆ పాఠం తీసేసి కూడికలు చెప్పించారు. పిల్లల బొమ్మలు మాత్రం ఇంచుమించు అవే.

తెలుగులో చదవడానికి ఏమైనా దొరుకుతుందా?

గూగీ దొరుకుతాడు. కెన్యా జైల్లో టాయిలెట్ కాగితాల మీద గికుయు భాషలో ఆయన రాసిన నవలని వరవరరావు తాను జైల్లో ఉండగా 'మట్టికాళ్ల మహారాక్షసి' పేరుతో తెలుగు చేశారు. జైల్లో పుట్టిన పుస్తకం ఇంకో జైలు గుండా తెలుగులోకి వచ్చింది. ఇంగ్లీషు వదిలేసి గికుయులో రాయాలన్న గూగీ నిర్ణయం మీద, ఇంగ్లీషులోనే రాసిన అచేబేతో ఆయనకి జరిగిన వాదం మరో పేజీకి సరిపడా ఉంది.

'చీకటి ఖండం' అని మనమూ అంటాం కదా. అది తప్పా?

ఆ మాట మన తాతలది కాదు. హెన్రీ మోర్టన్ స్టాన్లీ 1878లో ఆఫ్రికా ప్రయాణం మీద రాసిన పుస్తకం పేరులో 'డార్క్ కాంటినెంట్' పెట్టాడు, 1890లో ఇంకో పుస్తకానికి అదే వరసలో పేరు పెట్టాడు. లియోపోల్డ్ తరఫున కాంగోలో ఠాణాలు పెట్టిందీ, నాయకుల చేత ఒప్పందాల మీద గుర్తులు వేయించిందీ ఆయనే. యూరప్‌కి తెలియనిదాన్ని చీకటి అన్నారు. అక్కడ ఉండేవాళ్లకి పగలూ రాత్రీ మామూలుగానే ఉన్నాయి. మనకి ఆఫ్రికా కొత్తదేం కాదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని రోజూ ఆటోవాడికి చెప్తాం. ఎయిర్ కండిషన్ కాదది, నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అయినా మన బిట్ బ్యాంకుల్లో ఆఫ్రికా అనగానే స్టాన్లీ పెట్టిన పేరే.

మొన్న మా అక్క కొడుకు గ్రూప్స్‌కి చదువుతూ గట్టిగా చదివాడు: "చీకటి ఖండం అని దేనిని పిలుస్తారు?" ఎవరు పిలుస్తారో ముందు అది అడగరా అన్నాను. వాడు పేజీ వంక ఒకసారి చూసుకుని, "ఆప్షన్స్‌లో అది లేదు మామయ్యా" అన్నాడు.